మంచం పట్టిన పొరుగింటి పెద్దాయన, మన యవనస్తులు, క్రైస్తవ ప్రేమ: ఒక నర్సు సమాధానం

బాబూ, వందనాలు. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నా చిన్న కొడుకు వయసువాడివి కనుక నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

మిగతా వాళ్లకు కూడా అర్థం కావాలి కనుక నువ్వు అడిగింది క్లుప్తంగా చెబుతాను. మీ వీధిలో ఒక పెద్దాయన పక్షవాతంతో మంచం పట్టారు. చూసుకునేది భార్య ఒక్కరే. వాళ్లు క్రైస్తవులు కారు. క్రిస్మస్ ముందు మీ యవనస్తులు పదిమంది వెళ్లి బియ్యం, పళ్లు, దుప్పటి ఇచ్చారు, ప్రార్థన చేశారు, ఫోటో తీసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆమె వీధిలో ఎదురైతే నీకు తలెత్తి చూడాలంటే సిగ్గుగా ఉంది. ప్రేమను క్రియలో చూపడం అంటే ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. సువార్త చెప్పకుండా చేసే సేవ సగం పనే అని మీ సంఘపెద్ద ఒకరు అన్నారట, అది నిజమేనా అనీ అడిగావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కోస్తాలోని ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేశాను. పదవీ విరమణ తర్వాత ఎనిమిదేళ్లుగా మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. వేదాంతం చదువుకున్న మనిషిని కాను. మంచం పక్కన నిలబడి నేర్చుకున్నదే చెబుతాను.

ముందు నీ సిగ్గు గురించి. దాన్ని పోగొట్టుకోవాలని తొందరపడవద్దు. నిన్ను తిరిగి ఆ ఇంటికి పంపేది అదే. మీతో వచ్చిన పదిమందిలో ఎంతమందికి ఆ సిగ్గు కలిగిందో నాకు తెలియదు కానీ, నీకు కలిగిందంటే నీ మనస్సాక్షి మెలకువగానే ఉంది.

మంచి సమరయుడి కథ నీకు కంఠతా వచ్చి ఉంటుంది. లూకా పదో అధ్యాయం. ఆదివారపు బడి నాటకంలో వేషం కూడా వేసి ఉంటావు. కానీ మనం ఆ కథను సగంలోనే ఆపేస్తాం. దొంగలు కొట్టి కొనప్రాణంతో వదిలేసిన మనిషి దారిలో పడి ఉన్నాడు. యాజకుడు పక్కనుంచి వెళ్లిపోయాడు, గుడి సేవ చేసే లేవీయుడు వెళ్లిపోయాడు, సమరయుడు జాలిపడి గాయాలు కట్టాడు. తెర పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. అతన్ని తన వాహనం మీద ఎక్కించాడు, అంటే తాను దిగి నడిచి ఉంటాడు. మన తెలుగు బైబిల్లో "పూటకూళ్లవాని యింటికి" తీసుకుపోయాడని ఉంటుంది. ఆ మాట ఎంత బాగుంటుందో నాకు. డబ్బు తీసుకుని పూటకు భోజనం పెట్టే ఇల్లు. అక్కడ దించేసి తన దారిన పోలేదు. ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. "మరునాడు" రెండు దేనారాలు తీసి ఇచ్చాడు. దేనారం అంటే ద్రాక్షతోట ఉపమానంలో ఒక కూలివాడి రోజు కూలి. రెండు రోజుల సంపాదన ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు! ఆ గాయపడినవాడు కళ్లు తెరిచి కృతజ్ఞత చెప్పాడని గాని, సమరయుల కొండ మీద ఆరాధనకు వచ్చాడని గాని యేసు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

నేను పట్టుకున్నది ఆ "మరునాడు" అనే మాటను. మొదటి రోజు జాలి ఎవరికైనా కలుగుతుంది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే పదిమంది పరుగెత్తుకొస్తారు, అది మనుషుల్లో ఉన్న మంచితనమే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ మరునాడు ఆస్పత్రి వరండాలో ఎవరున్నారు? నెల తర్వాత ఆ ఇంట్లో ఎవరున్నారు? క్రైస్తవ ప్రేమ అని మనం పిలిచేదాని అసలు రూపం నేను ఎప్పుడూ రెండో రోజే చూశాను.

దానికి ముందు వచనంలో ఇంకో మాట చూడు. సమరయుడు అతన్ని "పరామర్శించెను" అని ఉంటుంది. ఈ రోజుల్లో పరామర్శ అంటే నాయకులు వచ్చి అయిదు నిమిషాలు కూర్చుని, కెమెరాల ముందు చేయి పట్టుకుని వెళ్లిపోవడం. బైబిల్ తెలుగులో ఆ మాటకు దగ్గరుండి సంరక్షించడం, కనిపెట్టుకుని ఉండడం అని అర్థం. యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అన్నప్పుడూ ఇదే మాట. మాట అదే ఉంది, మనం అర్థాన్ని పోగొట్టుకున్నాం. మీరు చేసింది ఈ కాలపు పరామర్శ. ఆమెకు కావలసింది ఆ పాత పరామర్శ.

నా జీవితంలో మరచిపోలేని ఒక సంగతి చెబుతాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో మా సంఘ స్త్రీల సమాజంతో కలిసి ప్రతి శనివారం ఇళ్లకు ప్రార్థనకు వెళ్లేదాన్ని. ఒక ఇంట్లో తుంటి ఎముక విరిగి మంచాన పడిన ఒక అవ్వ ఉండేది. మా సంఘపు మనిషే. మేము వెళ్లగానే ఆమె ముఖం వెలిగిపోయేది. కీర్తన పాడేవాళ్లం, తొంభై ఒకటో కీర్తన చదివేవాళ్లం, నేను ప్రార్థన చేసేదాన్ని. నా ప్రార్థన బాగుంటుందని అందరూ అనేవాళ్లు. రెండు నెలలు అలా వెళ్లాం. ఒక శనివారం ఆ గదిలో ఒక వాసన తగిలింది. నర్సును కదా, నాకు ఆ వాసన తెలుసు. దుప్పటి తీశాను. నడుము కింద, తోక ఎముక దగ్గర, నా అరచెయ్యంత పుండు. మధ్యలో నల్లబడిపోయింది. రెండు నెలలుగా ఆ దుప్పటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. ఒక్కసారి కూడా దాన్ని ఎత్తి చూడలేదు. వార్డులో ఉంటే మొదటి రోజే చూసేదాన్ని, అది నా ఉద్యోగం కనుక. ఆమె ఇంట్లో మాత్రం నేను ప్రార్థనకు వచ్చిన మనిషిని. అవ్వ నొప్పి అని ఎందుకు చెప్పలేదని కోడలు అడిగితే, "వాళ్లు దేవుని పని మీద వచ్చారు, వాళ్లకు ఇవి ఎందుకు" అంది.

ఆ మాట నన్ను కోసేసింది. దేవుని పని ఆ దుప్పటి కింద ఉంది. నేను దాని పైన కూర్చుని ఆయనతో మాట్లాడుతున్నాను.

అందుకే నీ రెండో ప్రశ్నకు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి, నా సమాధానం చాలా చిన్నది: దుప్పటి ఎత్తి చూడు. నేను మాటవరసకు చెప్పడం లేదు, నిజంగానే ఎత్తి చూడు. ముందు పెద్దాయనను అడుగు. ఆయనకు మాట పడిపోయి ఉండవచ్చు, కానీ మాట పోయినవాళ్లలో చాలామందికి మనం చెప్పేది అర్థమవుతుంది. ఆయన తల మీదుగా భార్యతో మాట్లాడవద్దు. ఆయన కళ్లలోకి చూసి, "పెద్దనాన్నా, మిమ్మల్ని పక్కకు తిప్పుతాను, నొప్పి వేస్తే నా చెయ్యి నొక్కండి" అని చెప్పి ఆగు. ఒప్పుకున్నట్టు కనిపిస్తేనే తాకు. నెలల తరబడి తన శరీరం మీద తనకే అధికారం లేకుండా పడి ఉన్న మనిషికి, ఒకరు అనుమతి అడిగారన్నదే పెద్ద మర్యాద.

తిప్పేటప్పుడు పడిపోయిన వైపు చేతిని పట్టి లాగవద్దు, భుజం కీలు జారిపోతుంది. భుజం వెనక ఒక చెయ్యి, తుంటి వెనక ఒక చెయ్యి పెట్టి దుంగను దొర్లించినట్టు మొత్తం ఒంటిని ఒకేసారి తిప్పాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు. వీపు వెనక ఒక దిండు. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మడతపెట్టిన చీర. పక్కబట్ట మీద ముడత ఉందేమో అరచేత్తో నిమిరి చూడు, ఆ ముడతే రాత్రికి పుండవుతుంది. తోక ఎముక, తుంటి, మడమ, మోచెయ్యి, చెవి వెనక ఎర్రగా ఉందేమో చూడు. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. దాన్ని రుద్దవద్దు, పౌడరు చల్లవద్దు, గాలి నింపిన రబ్బరు చక్రం పెట్టవద్దు. ఆ చోటు మీద బరువు పడకుండా చూడడమే వైద్యం. చర్మం చిట్లితే వెంటనే నర్సునో డాక్టరునో పిలవాలి. ఎలా ఉన్నా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పగలూ రాత్రీ.

ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగు. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ. ఆమె ఒక్కతే. అంటే ఆ ఇల్లాలు ఎన్నాళ్లుగా వరుసగా మూడు గంటలు నిద్రపోలేదు? మీరు తెచ్చిన బియ్యం ఆమెకు పనికొచ్చే ఉంటాయి. కానీ ఆమె కడుపు ఆకలి కంటే కంటి ఆకలి పెద్దది. ఆ ఇంట్లో మీరు అడుగుపెట్టినప్పుడు పదిమందికి చాప పరిచి, మంచినీళ్లు తెచ్చి, మీరు వెళ్లేదాకా నిలబడే ఉండి ఉంటుంది. మీరు ఆమె శ్రమను ఆ పూట ఇంకాస్త పెంచారు. కోపంతో అనడం లేదు. నేనూ చాలా ఇళ్లలో అలాగే మంచినీళ్లు తాగి వచ్చాను.

కనుక "ఏమైనా కావాలంటే చెప్పండి పెద్దమ్మా" అని అడగవద్దు. మన ఆడవాళ్లు ఆ ప్రశ్నకు చెప్పే జవాబు ఒక్కటే, "ఏమీ వద్దు నాయనా, మీరు వచ్చారు, అంతే చాలు." దానికి బదులు రోజు, గంట, పని చెప్పు. "మంగళవారం, శుక్రవారం పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా నేను ఇక్కడ కూర్చుంటాను. పక్క మార్చడం నాకు వచ్చు. మీరు లోపలి గదిలో తలుపు వేసుకుని పడుకోండి." మొదటిసారి ఆమె పడుకోదు. నీకు కాఫీ పెడతాను అంటుంది. రెండోసారి కూడా పడుకోదు, వంట గదిలో తిరుగుతూ ఉంటుంది. మూడోసారో నాలుగోసారో కూర్చున్న చోటే కునుకు తీస్తుంది. ఆ రోజు నువ్వు ఆ ఇంట్లోకి నిజంగా ప్రవేశించావని అర్థం.

అన్నం తినిపించే పని కూడా నేర్చుకో. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, చివర్లో వేలికి బట్ట చుట్టి తీయాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. తినేటప్పుడు దగ్గు వస్తున్నా, నీళ్లు తాగాక గొంతు గురగురలాడుతున్నా బలవంతం చేయవద్దు, డాక్టరుకు చెప్పాలి. ఇంకొకటి, సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత ఉందో ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే కాగితం, ఉందో లేదో అడుగు. లేకపోతే దరఖాస్తు నువ్వే నింపు, శిబిరం ఎప్పుడో కనుక్కో, ఆ రోజు ఆయన్ను తీసుకెళ్లడానికి బండి మాట్లాడు, వరసలో నువ్వు నిలబడు. వికలాంగుల పింఛనుకు ఆ పత్రమే ఆధారం. కార్యాలయం వరండాలో ఆమె కోసం నువ్వు నిలబడిన మూడు గంటలను మీ సంఘంలో ఎవరూ సాక్ష్యంగా చెప్పకపోవచ్చు. పరలోకంలో లెక్కలు ఎలా ఉంటాయో నాకు తెలియదు గాని, మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో తీర్పు రోజున ప్రభువు మెచ్చుకుని కుడివైపు నిలబెట్టినవాళ్లకు కూడా తాము ఎప్పుడు ఏం చేశామో గుర్తులేదు. "ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం?" అని అడుగుతారు. ఆ అమాయకత్వం నాకు చాలా ఇష్టం.

ఇక మీ పెద్ద గారి మాట. ఆయన మంచి మనసుతోనే అన్నారని నమ్ముతాను. కానీ ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఎందుకో చెప్పడానికి మన తెలుగు నేల మీద జరిగినదే చెబుతాను.

ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. 1866లో అక్కడికి వచ్చారు. 1876 నుంచి 1878 దాకా, ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో, దక్షిణ దేశమంతా ఘోరమైన కరువు పట్టింది. జనం చెట్ల ఆకులు తిన్నారు, దారుల పక్కన చనిపోయారు. అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ యవ్వనంలో అమెరికాలో భూమి కొలిచే సర్వే పని చేసినవారు. ఆయన సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు, వేలమందికి కూలి దొరకాలని. తన దగ్గరి బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వచ్చినవాళ్లలో చాలామంది మాదిగలు, ఊరి బావి నీళ్లకు కూడా నోచుకోనివాళ్లు. కూలి ఇచ్చేటప్పుడు తిట్టని, కొట్టని మేస్త్రీని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

ఆ కాలువ గట్టు మీదే వేలమంది, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. ఏ మిషనరీకైనా అంతకంటే ఏం కావాలి? క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్క బాప్తిస్మమూ జరపలేదు. ఆకలితో ఉన్న మనిషి చెప్పే "అవును" అనే మాటను ఆయన తీసుకోదలచుకోలేదు. తన చేతిలో కూలి డబ్బులు ఉన్నంతకాలం ఎదుటి మనిషికి "కాదు" అనే స్వేచ్ఛ లేదని ఆయనకు తెలుసు. కరువు సహాయం ఆగిపోయి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. మాకు డబ్బు అక్కర్లేదు, మా చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకునే బతుకుతాం అన్నారని ఆయనే రాసుకున్నారు. అప్పుడు, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సంఘాల్లో ఆ సంఖ్యను గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ సంఖ్య కంటే దానికి ముందు గడిచిన పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తాయి. అన్నం పెట్టే చేతిని ఎరగా మార్చకుండా ఆపుకున్న పదిహేను నెలలవి.

వాళ్లు ఎందుకు వచ్చారన్నది చరిత్రకారులు ఇప్పటికీ చర్చించే విషయమే. దేవుని కోసం వచ్చినవాళ్లు ఉన్నారు, మనిషిగా చూసినందుకు వచ్చినవాళ్లూ ఉన్నారు. మర్యాద కోసం పడే ఆకలి తక్కువదని నేను అనుకోను.

మీ వీధి పెద్దాయన ఆ కాలువ కూలీ కంటే నిస్సహాయుడు. ఆ కూలీ లేచి వెళ్లిపోగలడు. ఈయన లేవలేరు. నీ ప్రార్థన వద్దనిపించినా ముఖం తిప్పుకోలేరు. ఆయన భార్య కూడా, మరునాడు నువ్వు రావేమోనన్న భయంతో "కానీయండి బాబూ" అంటుంది. అలాంటి ఇంట్లో అడగకుండా సువార్త చెప్పడం, తలుపు వేసి ఉన్న గదిలో మాట్లాడడం లాంటిది. వినేవాళ్లకు బయటికి వెళ్లే దారి ఉండదు. నువ్వు తిప్పిన పక్క, తుడిచిన ఒళ్లు సగం పనులు కావు. అవి పూర్తి పనులే. యేసు పదిమంది కుష్ఠు రోగులను బాగుచేస్తే తిరిగి వచ్చింది ఒక్కడు. మిగతా తొమ్మిదిమంది ఏరీ అని ఆయన బాధపడ్డాడు గాని, వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

అలాగని నీ విశ్వాసాన్ని దాచిపెట్టమని అనను. అది మరో రకమైన అబద్ధం. ఏదో ఒక రోజు ఆమె అడుగుతుంది, "నువ్వు మాకేమవుతావు నాయనా, ఎందుకు వస్తున్నావు?" అని. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. మీలోని నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు జవాబు చెప్పమని పేతురు రాశాడు. అడిగినవాళ్లకు అన్నాడు. ప్రార్థన చేయమని వాళ్లు కోరితే చెయ్యి, చిన్నగా, ఆయనకు వినబడేలా. ఆమె దేవుడి గూటి ముందు దీపం వెలిగిస్తుంటే నీ సంచి అడ్డం లేకుండా జరుపుకో.

ఇంకో సంగతి మీ పెద్ద గారికి చెప్పు. ప్రేమ మన ఒక్కరి సొత్తు కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి గురించి విని ఉంటారు. ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు మిషనరీ డాక్టరు, ఆమె భర్త కలిసి మొదలుపెట్టిన పని. కుష్ఠు అంటే ఇంటివాళ్లే ఊరి బయటికి పంపేసే కాలంలో వాళ్ల పుండ్లు కడిగిన మనిషి ఆమె. ఆ ఆస్పత్రికి పెద్ద మొత్తం ఇచ్చి నిలబెట్టింది నర్సాగౌడ్ అనే హిందువు. ఆయన ఇచ్చేటప్పుడు ఆమె మతం చూడలేదు, ఆమె చికిత్స చేసేటప్పుడు రోగి మతం చూడలేదు. మీ వీధిలో కూడా ఆ పెద్దాయనకు సాయపడే పొరుగువాళ్లు ఇప్పటికే ఎవరో ఉండి ఉంటారు. వాళ్లను కనుక్కో, వాళ్లతో కలిసి చెయ్యి. మీ బృందం పేరుతోనే జరగాలని పట్టుపట్టవద్దు.

నాలుగో శతాబ్దంలో రోమును ఏలిన జూలియన్ అనే చక్రవర్తికి క్రైస్తవులంటే ఇష్టం లేదు, పాత దేవతల ఆరాధనను మళ్లీ నిలబెట్టాలని చూశాడు. తన పూజారి ఒకరికి రాసిన ఉత్తరంలో, ఈ గలిలయులు (క్రైస్తవులను అతను అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మన సాయం అందడం లేదు, ఇది మనకు సిగ్గుచేటు అని రాశాడు. మనల్ని ఇష్టపడని మనిషి ఇచ్చిన సాక్ష్యం అది. మన పేదలను కూడా అన్నాడు చూడు. అప్పటి విశ్వాసులు సంఘపు పుస్తకంలో పేరు ఉందా లేదా అని చూడకుండా గిన్నె పట్టుకుని వెళ్లారన్నమాట.

నిస్వార్థం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నీలాంటి వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మొదటి నెల అన్నీ నువ్వే చేస్తావు. మూడో నెలకు నీ ఉద్యోగం, నీ ఇల్లు దెబ్బతింటాయి, విసుగు వస్తుంది, చెప్పకుండా మానేస్తావు. అది మీరు పదిమంది ఒకసారి వెళ్లి మానేసిన దానికంటే ఎక్కువ గాయం చేస్తుంది, ఎందుకంటే ఈసారి ఆమె నిన్ను నమ్ముకుని ఉంటుంది. సమరయుడు కూడా తన ప్రయాణం మానుకోలేదు బాబూ. రాత్రి ఉన్నాడు, మరునాడు పూటకూళ్లవానికి డబ్బిచ్చి అప్పగించి తన పని మీద వెళ్లాడు, తిరిగి వస్తానని చెప్పి వెళ్లాడు. పని పంచుకోవడం ప్రేమకు తక్కువ కాదు. అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయంలో, గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని గొడవ వస్తే, అందరూ ఇంకా ఎక్కువగా ప్రేమించాలి అని ప్రసంగం చేయలేదు. ఏడుగురిని ఎన్నుకుని, వాళ్ల పేర్లు రాసి, పని అప్పగించారు. మీరూ నలుగురు చాలు. ఒక్కొక్కరికి వారంలో రెండు పూటలు. కాగితం మీద రాసి ఆమె గోడకు అంటించండి, ఎవరు ఎప్పుడు వస్తారో ఆమెకు తెలియాలి. రాలేకపోతే ముందు రోజే ఫోను చేయాలి, బదులు మనిషిని పంపాలి.

ఆ నలుగురిలో మగపిల్లలు తప్పకుండా ఉండాలి. మన సంఘాల్లో ప్రేమ విందుకు వంట చేసేది, గిన్నెలు తోమేది, రోగుల దగ్గర కూర్చునేది ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురు అక్కలు. వేదిక మీద కుర్చీలు మాత్రం వేరే వాళ్లవి. శిష్యుల పాదాలు కడిగిన రాత్రి యేసు ఆ పనిని ఇంకెవరికీ అప్పగించలేదు. తువ్వాలు తానే నడుముకు కట్టుకున్నాడు. పెద్దాయనకు స్నానం చేయించాల్సింది, మలమూత్రాలు శుభ్రం చేయాల్సింది నువ్వూ నీ స్నేహితులూ. ఆయనకు కూడా ఆడపిల్లల కంటే మీరు చేస్తేనే సిగ్గు తక్కువగా ఉంటుంది.

గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి ఉంది కదా, ఆ పేరు ఎవరిదో మీ తరంలో చాలామందికి తెలియదు. అన్నా సారా కుగ్లర్ డాక్టరు చదువు పూర్తి చేసుకుని 1883లో గుంటూరు వచ్చారు. పంపినవాళ్లు మొదట ఆమెను డాక్టరుగా పంపలేదు. బడి పనీ, ఇళ్లలో స్త్రీలకు బోధించే పనీ అప్పగించారు. ఆమె ఆ పని చేస్తూనే, మగ డాక్టరుకు చూపించుకోని ఆడవాళ్లకు వైద్యం చేస్తూ వచ్చారు. ఆస్పత్రి తెరిచింది 1898లో, పదిహేనేళ్ల తర్వాత. 1930లో చనిపోయేదాకా గుంటూరే ఆమె ఊరు. నలభై ఏడేళ్లు. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఆమె కథ విని, నలభై ఏడేళ్లంటే ఎన్ని పక్కబట్టలు మార్చి ఉంటుందో అని లెక్కపెట్టడానికి ప్రయత్నించాను. నాకు ప్రేమ అంటే ఇప్పటికీ ఆ లెక్కే గుర్తుకొస్తుంది.

ఫోటో సంగతి. సంఘం ఫోను గ్రూపులో, ఇంకెక్కడైనా ఆ ఫోటో ఉంటే తీయించు. ఆ పెద్దాయన ఒకప్పుడు మీ వీధిలో తెల్లని పంచె కట్టుకుని నడిచిన మనిషి. నోరు వంకరపోయి, చొంగ కారుతూ ఉన్న తన ముఖం మీ చేతుల్లో తిరుగుతోందని తెలిస్తే ఆయన ఏమనుకుంటారు? తీయించాక ఆమె దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, ఆ రోజు మేము మిమ్మల్ని అడగకుండా ఫోటో తీశాం, తప్పు చేశాం" అని చెప్పు. సాకులు చెప్పవద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్న ప్రభువు మాటను పాటించడానికి అదే మొదటి మెట్టు.

రేపే వెళ్లు. ఒక్కడివే వెళ్లు, పళ్లు తీసుకెళ్లవద్దు. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం, గడియారం తీసి జేబులో పెట్టుకుని వెళ్లు, పెద్దవాళ్ల చర్మం కాగితంలా చిరుగుతుంది. చేతులు సబ్బుతో కడుక్కో, చలికాలం కనుక వాటిని రుద్ది వెచ్చబరచుకో. పెద్దాయనకు నీ పేరు చెప్పు. ఆయన్ను అడిగి, ఆమెను పక్కన నిలబెట్టుకుని, దుప్పటి ఎత్తి చూడు. తోక ఎముక దగ్గర, మడమల దగ్గర ఏం కనిపించిందో, నొక్కితే ఎరుపు పోయిందో లేదో సాయంత్రానికి నాకు ఇక్కడే రాయి. ఆయన పేరు, ఊరు రాయవద్దు. దాన్ని బట్టి ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను.